గట్టుకు అటూ ఇటూ

ఆగస్టులో ఎర్రనీరు దిగిందంటే రాజమండ్రి జనం సాయంత్రంపూట గోదావరి గట్టు మీదికి చేరతారు. పుష్కరఘాట్‌లో ఎన్ని మెట్లు మునిగాయో చూస్తారు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందని ఒకరినొకరు అడుగుతారు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు ఇక్కడివాళ్లకు నోటికి వచ్చు. మూడోది దాటిందంటే బ్యారేజీ నుంచి కిందికి దాదాపు 17 లక్షల క్యూసెక్కులు పోతున్నట్టు. 1986 ఆగస్టులో అది 35 లక్షలకు చేరింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. వరద పెరిగినప్పుడల్లా కేతావారి లంక, వెదుర్లమ్మ లంక, బ్రిడ్జి లంక వాసులు పడవలెక్కి, సామాన్లతో ఊళ్లోని పునరావాస కేంద్రాలకు వస్తారు. నది శాంతించాక మళ్లీ వెళ్లిపోతారు.

జనం అటు తిరిగి నది చూస్తుంటారు. వాళ్ల వీపు వెనక, గట్టుకు ఇవతల, చూడటానికెవరూ రాని దృశ్యం ఇంకోటి ఉంటుంది. ఊరి మురుగును గోదావరిలో కలిపే కాలువల తూములు ఆ రోజుల్లో మూసేస్తారు. తెరిస్తే మురుగు బయటికి పోవడం మాట అటుంచి, గోదారే ఊళ్లోకి వస్తుంది. సరిగ్గా అప్పుడే ఊళ్లో గట్టి వాన పడిందా, ఆ నీటిని మోటార్లు పెట్టి తోడి గట్టు దాటించాల్సిందే. మోటార్లు అందుకోలేకపోతే ఆర్యాపురం, తుమ్మలావ, కంబాల చెరువు ప్రాంతాల్లో మోకాలి లోతు నీళ్లు.

రాజమండ్రి గత ముప్పయ్యేళ్ల నగర చరిత్రను ఈ గట్టు మీద నిలబడి చదవవచ్చు. గట్టుకు అటు జరిగిన పనులు కంటికి కనిపిస్తాయి, తేదీ ప్రకారం పూర్తవుతాయి, శిలాఫలకం మీదికి ఎక్కుతాయి. ఇటు జరగాల్సినవి మాత్రం పుష్కరం నుంచి పుష్కరానికి వాయిదా పడుతూ వచ్చాయి.

పోయిన జిల్లా, వచ్చిన జిల్లా

ఈ ఊరికి పాత పరువు ఎక్కువ. రాజరాజనరేంద్రుడి రాజధాని, నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్న చోటు, కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన పట్టణం. కంపెనీ పాలనలో రాజమండ్రి పేరుతోనే జిల్లా ఉండేది. 1859లో జిల్లాలను తిరగరాసినప్పుడు అది గోదావరి జిల్లా అయింది, కలెక్టరు కచేరీ కాకినాడలో కుదురుకుంది. రేవు ఉన్న ఊరికి అధికారం వెళ్లింది. తర్వాత ఇంజనీరింగు కళాశాల, వైద్య కళాశాల కూడా అటే వెళ్లాయి. రాజమండ్రికి ఆర్ట్స్ కళాశాల, కేంద్ర కారాగారం, రైలు వంతెన, గౌతమీ గ్రంథాలయం, వీరేశలింగం కట్టించిన టౌన్ హాలు, ‘సాంస్కృతిక రాజధాని’ అన్న బిరుదూ మిగిలాయి. బిరుదుకు బడ్జెట్ ఉండదు. 2016 జనవరిలో కేంద్రం తొలి విడత స్మార్ట్ సిటీలను ప్రకటించినప్పుడు కూడా జాబితాలో చేరింది కాకినాడే.

అంతకు మూడు నెలల ముందు, 2015 అక్టోబరులో, ఊరికి పాత పేరు తిరిగి వచ్చింది. ‘రాజమండ్రి’ కాస్తా అధికారికంగా ‘రాజమహేంద్రవరం’ అయింది. బస్సు బోర్డులు మారాయి, జనం నోరు మారలేదు. జిల్లా కేంద్రం హోదా రావడానికి మరో ఆరున్నరేళ్లు పట్టింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాల పునర్విభజన అమల్లోకి వచ్చింది. కాకినాడ, కోనసీమ విడిపోగా మిగిలిన తూర్పు గోదావరికి రాజమండ్రి కేంద్రమైంది. కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం ప్రాంతాలు ఇందులోకే వచ్చాయి. నదికి పడమటి ఒడ్డున ఉన్న ఊళ్లు తూర్పు గోదావరిలో చేరడం మీద అప్పట్లో చాలా ఛలోక్తులే పేలాయి. అయితే రాకపోకల లెక్కన చూస్తే అది సబబే. కొవ్వూరువాళ్లకు ఆస్పత్రి, బట్టల కొట్టు, కాలేజీ ఏది కావాలన్నా వంతెన దాటితే రాజమండ్రే.

కొత్త కలెక్టరేట్‌ను బొమ్మూరులోని నిర్మాణ శిక్షణ సంస్థ భవనంలో తెరిచారు. బొమ్మూరు నగరపాలక సంస్థ హద్దుకు బయటి పంచాయతీ. 160 ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన జిల్లా కచేరీ ఊరి గడప దాటి లోపలికి రాలేదు. దీని వెనక ఉన్న హద్దుల గొడవ గురించి ముందు చెప్పుకోవాలి గానీ, అంతకన్నా ముందు వంతెనల దగ్గర ఆగాలి.

నాలుగు వంతెనలు

గట్టుకు అటువైపు రాజమండ్రి సాధించింది తక్కువేమీ కాదు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 56 ఖానాలతో నది మీద 1997 దాకా రైళ్లను మోసింది. 1974లో రోడ్ కమ్ రైలు వంతెన వచ్చింది. పైన బస్సులు, కింద రైళ్లు. కొవ్వూరుకూ రాజమండ్రికీ మధ్య రేవు దాటే అవస్థను తీర్చింది అదే. 1997లో పూర్తయిన ఆర్చి వంతెన, 97.5 మీటర్ల చొప్పున 28 కాంక్రీటు విల్లులతో, ఊరి గుర్తుగా మారిపోయింది. పెళ్లి ఆల్బమ్ నుంచి పాల ప్యాకెట్ దాకా ఎక్కడ చూసినా ఆ విల్లులే. నాలుగోది ఊరి పైనుంచి కాకుండా పక్కనుంచి పోయే రోడ్డు వంతెన. కట్టిన కంపెనీ పేరుతో జనం దాన్ని గామన్ బ్రిడ్జి అంటారు.

ఈ నాలుగోది పుష్కరాల మహిమకు మంచి ఉదాహరణ. గడువు మీద గడువు దాటుతూ వచ్చిన పని 2015 పుష్కరాల ముంగిట కొలిక్కి వచ్చింది. పుష్కరాలే లేకపోతే అది ఇంకెన్నాళ్లు సాగేదోనని ఊళ్లో ఇప్పటికీ అంటారు. కోటిలింగాల రేవును కిలోమీటరుకు పైగా పొడిగించి కట్టింది కూడా ఆ హడావిడిలోనే. రోడ్లు వెడల్పు చేశారు, గోడలకు రంగులేశారు, కూడళ్లలో విగ్రహాలు లేచాయి. పన్నెండేళ్లకోసారి ప్రభుత్వాల చూపు పడే ఊరికి ఆ చూపు పడిన రోజుల్లోనే పని చేయించుకోవాలన్న తెలివి వచ్చింది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

చిక్కల్లా, తేదీకి తెగే పనులనే పుష్కరం ఎంచుకుంటుంది. రేవు మెట్లు ఆరు నెలల్లో కట్టవచ్చు. ఊరంతటికీ భూగర్భ మురుగు గొట్టాలు వేయడం అలా కుదరదు. వీధి వీధీ తవ్వాలి, జనం తిట్టాలి, తీరా అయ్యాక పైకి ఏమీ కనిపించదు.

జులై 14

2015 జులై 14న పుష్కరాలు మొదలయ్యాయి. 144 ఏళ్లకోసారి వచ్చే మహాపుష్కరమన్న ప్రచారం అప్పటికే ఇంటింటికీ చేరింది. రాత్రి నుంచే జనం రేవుల దగ్గర బారులు తీరారు. గోదావరి స్టేషనులో దిగినవాళ్లకు ఎదురుగా కనిపించేది పుష్కరఘాట్, ఊరి బయటినుంచి వచ్చినవాళ్లకు తెలిసిన పేరూ అదే. కిలోమీటరు పొడవున కట్టిన కోటిలింగాల రేవు కొద్ది దూరంలోనే ఉన్నా, జనం మాత్రం పుష్కరఘాట్‌కే పోటెత్తారు. ఆ ఉదయం అక్కడ జరిగిన తొక్కిసలాటలో కనీసం 27 మంది చనిపోయారు.

విచారణకు జస్టిస్ సి.వై. సోమయాజులు కమిషన్‌ను వేశారు. 2018లో శాసనసభ ముందుకు వచ్చిన నివేదిక ముహూర్తం మీద జనానికున్న నమ్మకాన్ని, దాన్ని పెంచిన ప్రచారాన్ని ప్రధానంగా ఎత్తిచూపింది. ప్రతిపక్షాలు దాన్ని ఒప్పుకోలేదు, ముఖ్యమంత్రి కుటుంబం అదే రేవులో స్నానం చేయడమే కారణమని వాదించాయి. ఆ వాదం ఇప్పటికీ ఎన్నికలప్పుడు బయటికి వస్తుంది. ఇరుపక్షాల వాదనలోనూ మరుగునపడిన సంగతి ఒకటుంది. రేవులు ఎన్ని కట్టినా, వచ్చినవాడు ఏ రేవుకు పోవాలో చెప్పే ఏర్పాటు కూడా కట్టడమంత పనే. రైలు దిగినవాడికి దారి చూపే బోర్డు, వీధి మొదట్లోనే జనాన్ని పక్కకు మళ్లించే మనిషి, ఒక రేవు నిండగానే ఇంకో రేవుకు కబురందించే పద్ధతి. వీటికి కాంక్రీటు అక్కర్లేదు. శంకుస్థాపనా ఉండదు.

గోదావరి పుట్టిన దిక్కున ఉన్న నాసిక్‌తో దీన్ని పోల్చి చూడవచ్చు. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడే అక్కడ సింహస్థ కుంభమేళా, ఇక్కడ పుష్కరం. ఒకే నది, ఒకే పంచాంగం. 2003 ఆగస్టు 27న నాసిక్‌లో ఒక ఇరుకు దారిలో తొక్కిసలాట జరిగి 39 మంది పోయారు. ఆ ఊరు 2015 మేళాకు ఆ దారి నుంచే లెక్క మొదలుపెట్టింది. వచ్చే దారి వేరు, పోయే దారి వేరు చేశారు, స్నానఘట్టాలను ఊరంతా పరిచారు, జనసాంద్రత కొలిచే ప్రయోగాలకు విద్యార్థులను, అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌ వాళ్లను కూడా పిలిచారు. మొదటి రాజస్నానం నాడు బారికేడ్లు మరీ ఎక్కువై జనం రాలేకపోయారన్న విమర్శ వచ్చింది గానీ, 2003 మాత్రం మళ్లీ జరగలేదు.

ఆవ అంటే ఏమిటి?

మళ్లీ గట్టుకు ఇవతలికి వద్దాం. గోదావరి జిల్లాల్లో ‘ఆవ’ అంటే నీరు నిలిచే పల్లపు నేల. తుమ్మలావ పేరులో ఉన్నది అదే ఆవ. ఊరి మురుగును మోసే రెండు పెద్ద కాలువల్లో ఒకదాని పేరు ఆవ ఛానల్, రెండోది నల్లా ఛానల్. ఈ పేర్లు పెట్టిన పాతవాళ్లకు నీరెటు పారుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసు. తర్వాత వచ్చినవాళ్లు ఆ పల్లాల్లోనే పేటలు వేశారు, కాలువ గట్లను ఇళ్లతో బిగించారు. పక్కన రోడ్డు మీద ప్రతి మరమ్మతుకూ ఒక పొర తారు పడి రోడ్డెత్తు పెరిగింది. పాత ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి దిగిపోయాయి. ఆర్యాపురంలో గుమ్మానికి అడ్డంగా ఇటుకలతో చిన్న గోడ కట్టి, దాన్ని దాటుకుంటూ ఇంట్లోకి వెళ్లే ఇళ్లు కనిపిస్తాయి. మురుగునీటి పథకం ఊరికి ఇవ్వలేనిది ఆ జానెడు గోడ ఇస్తోంది.

ఒడ్డుకు అటు సమస్య ఇంకా పెద్దది. ఊరు తాగేది గోదావరి నీళ్లే, ఊరి మురుగు చేరేదీ గోదావరిలోకే. జాతీయ నదీ సంరక్షణ పథకం కింద హుకుంపేట దగ్గర మురుగు శుద్ధి కేంద్రం కట్టారు. ఊరి మురుగంతా దాని దాకా చేరాలంటే ఇంటింటి నుంచి గొట్టాలుండాలి. అవి లేనిచోట మురుగు తెరిచిన కాలువలోంచి నేరుగా నదికే పోతుంది. కిందనే, కొద్ది కిలోమీటర్ల దూరంలో, ధవళేశ్వరం బ్యారేజీ. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు ఇక్కడే పుడతాయి. దాదాపు పది లక్షల ఎకరాలకు సాగునీరు, వందలాది ఊళ్ల మంచినీటి చెరువులకు నీరు ఈ కాలువలదే. రాజమండ్రి మురుగు రాజమండ్రి సొంత వ్యవహారం కాదని అమలాపురం, భీమవరం జనానికి తెలిసినంతగా రాజమండ్రికి తెలియదు.

ఎవరిని అడగాలి?

పుష్కరఘాట్‌లో బల్బు వెలగకపోతే మంత్రి దాకా కబురు వెళుతుంది. తుమ్మలావలో కాలువ పూడిపోతే ఎవరిని అడగాలి? మామూలుగా అయితే కార్పొరేటరును. 1860లలో మునిసిపాలిటీగా మొదలై, 1994లో నగరపాలక సంస్థగా ఎదిగిన ఈ ఊళ్లో 50 డివిజన్లున్నాయి. 2014 ఎన్నికల్లో గెలిచిన పాలకవర్గానికి పంతం రజనీ శేషసాయి మేయరు. ఆ గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగాయి. విశాఖ, విజయవాడ, గుంటూరుతో పాటు ఏలూరుకు, మచిలీపట్నానికి కూడా పాలకవర్గాలు వచ్చాయి. రాజమండ్రికి రాలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారి పాలనే.

కారణం హద్దులు. ఊరు పెరిగింది కానీ పెరుగుదలంతా గీతకు బయట జరిగింది. నగరపాలక సంస్థ విస్తీర్ణం దాదాపు 44 చదరపు కిలోమీటర్లు. 2001లో మూడు లక్షలు దాటిన జనాభా పదేళ్లకు మూడు లక్షల నలభై వేల దగ్గరే ఉంది. ఈలోగా బొమ్మూరు, హుకుంపేట, కాతేరు, కోలమూరు, ధవళేశ్వరం ఊరిలో కలిసిపోయినట్టే పెరిగాయి. వాటిని విలీనం చేసి పెద్ద నగరం చేయాలన్నది ప్రభుత్వాల ఆలోచన. పన్నులు పెరుగుతాయని, ఉపాధి హామీ పనులు పోతాయని, సర్పంచి చేతిలో ఉన్న పాటి అధికారమూ జారిపోతుందని పల్లెల భయం. వ్యవహారం కోర్టులకెక్కింది. హద్దు తేలలేదు కాబట్టి వార్డులు తేలలేదు, వార్డులు తేలలేదు కాబట్టి ఎన్నికలు లేవు. ఆవ ఛానల్‌కు మాత్రం ఈ హద్దులతో పనిలేదు. ఎగువ పంచాయతీలో పోసిన చెత్త దిగువ డివిజన్‌లో అడ్డుపడుతుంది, ఎవరికి వాళ్లు అది తమది కాదంటారు.

పాలకవర్గం ఉంటే అంతా బాగుపడుతుందని చెప్పడానికీ లేదు. 2015 తొక్కిసలాట నాటికి మేయరు, యాభై మంది కార్పొరేటర్లు పదవుల్లోనే ఉన్నారు. పుష్కరాల పనులు రాష్ట్రస్థాయిలో నిర్ణయమయ్యాయి, కౌన్సిల్ పక్కన నిలబడి చూసింది. అదీ కాక, 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పి ముప్పయ్యేళ్లు దాటింది. పాలకవర్గాలున్న రోజుల్లో కూడా వాటి ఊసు ఎవరూ గట్టిగా ఎత్తలేదు. కాకపోతే కౌన్సిల్ సమావేశంలో కాలువ గురించి కేకలైనా వినిపించేవి. ఇప్పుడు బడ్జెట్ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నిశ్శబ్దంగా జరుగుతోంది.

డబ్బు తిరిగే దారులు

ప్రభుత్వం ఎలా ఉన్నా ఊరి సొంత ఆర్థికం ఆగలేదు. తాడితోట టోకు బట్టల బజారు గోదావరి జిల్లాలకు చీరలు, పంచెలు పంపుతూనే ఉంది. 1964లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిన పేపరు మిల్లు 2011లో అమెరికా సంస్థ ఇంటర్నేషనల్ పేపర్‌కు, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్‌కు మారింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు తీసే ఓఎన్‌జీసీకి ఇది కేంద్రం. 1947లో పొగాకు పరిశోధన కేంద్రం ఇక్కడే మొదలైంది. కడియం నర్సరీల మొక్కలు లారీలెక్కి దేశమంతా తిరుగుతాయి. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. 2024 డిసెంబరులో మధురపూడి విమానాశ్రయం నుంచి ముంబైకి, ఢిల్లీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. జాతీయ రహదారి మీద మోరంపూడి కూడలికి ఫ్లైఓవర్ వచ్చింది. దాని శిలాఫలకం మీద పేర్లెవరివన్న రగడ కూడా వెంటే వచ్చింది.

మళ్లీ పుష్కరం

ఇక 2027. కొత్త పుష్కరాలకు సన్నాహాలు ముందే మొదలయ్యాయి. 2025 జూన్ 26న పుష్కరఘాట్ దగ్గర ‘అఖండ గోదావరి’ పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 94.44 కోట్ల రూపాయలు. కేంద్ర మంత్రి గజేంద్రసింగ్ షెకావత్, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, ఎంపీ పురందేశ్వరి వచ్చారు. రైళ్లు ఆగిపోయి దశాబ్దాలు గడిచిన హేవలాక్ వంతెనను విహారస్థలంగా మార్చడం ఇందులో ముఖ్యమైన పని. ఆ వంతెనను ఏం చేయాలన్న చర్చ ఊళ్లో ఎప్పటినుంచో ఉంది. తుక్కు కింద అమ్మేస్తారేమోనని ఒకప్పుడు భయపడ్డవాళ్లకు ఇది పెద్ద ఊరట. నూట పాతికేళ్ల ఇనుము మీద నడుస్తూ నడినదిలో సూర్యాస్తమయం చూడాలని ఎవరికి మాత్రం ఉండదు?

అయితే పుష్కరాలు వచ్చేది వానాకాలంలో. 2003లో జులై చివర మొదలై ఆగస్టులోకి సాగాయి, 2015లో జులై నడుమ వచ్చాయి. 2027లోనూ తొలకరి పడ్డాకే. ఎర్రనీరు దిగడం మొదలయ్యే రోజులివే. ఆ పన్నెండు రోజుల్లో ఎగువన మహారాష్ట్ర, తెలంగాణల్లో వానలు కురిసి ధవళేశ్వరం దగ్గర మట్టం లేచిందంటే తూములు దించక తప్పదు. గట్టుకు అటు హారతి వెలుగులో లక్షల మంది ఉంటారు. ఇటు ఊళ్లో వాన పడితే, ఆ లక్షల మంది వాడిన నీరు కూడా కలిసి ఆవ ఛానల్ పొంగుతుంది. మూసిన తూము పక్కన, టార్పాలిన్ కింద, డీజిలు మోటారు దగ్గర ఇద్దరు కూలీలు రాత్రంతా కూర్చోవాలి. పుష్కరాల పనుల జాబితాలో ఆ మోటారుకు ఎన్నో నంబరు దక్కిందో చూస్తే, ఈసారి ఊరు ఎటు తిరిగి నిలబడిందో తెలిసిపోతుంది.